కమ్యూనిటీ హాల్లో ఉగాది కార్యక్రమం: వచ్చినవాళ్ళు చివరిదాకా కూర్చోవాలంటే

నమస్కారం అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. విజయవాడలో సింగ్‌నగర్ వైపు మీ కాలనీ కమ్యూనిటీ హాల్లో ఉగాది సాయంత్రం కార్యక్రమం పెట్టాలనుకుంటున్నారు. 300 మంది వస్తారని అంచనా. చేతిలో లక్ష రూపాయలు, ఇంకా ఆరు వారాల టైమ్ ఉన్నాయి. పోయిన దసరాకు ఇదే హాల్లో పెట్టినప్పుడు జనం బాగానే వచ్చారు కానీ, గంట తిరక్కుండానే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి అని అడిగారు.

నేను సత్యనారాయణపురంలో ఉంటాను. ఇరవై ఏళ్ళకు పైగా విజయవాడలో కాలనీ హాళ్ళలో సంక్రాంతి ముగ్గుల పోటీల నుంచి రక్తదాన శిబిరాల దాకా చేస్తూ వచ్చాను. నా అనుభవంలో తేలింది ఒకటే. జనాన్ని రప్పించడం అంత కష్టం కాదు, కూర్చోబెట్టడమే కష్టం. మనం సాధారణంగా వేదిక వైపు చూస్తూ ప్లాన్ వేస్తాం. బ్యానర్ ఎక్కడ, దీపం ఎక్కడ, అతిథి కుర్చీ ఎక్కడ అని. లేచి వెళ్ళిపోయేది మాత్రం వెనుక వరుసలవాళ్ళు. వాళ్ళకు వినపడదు, కనపడదు, గాలి ఆడదు, దాహం వేస్తుంది. ముందు రెండు వరుసల్లో అలా ఉండదు కాబట్టి అక్కడ కూర్చునే మనకు ఆ సంగతి తెలియదు. అందుకే మీ ప్లాన్‌ను చివరి వరుస నుంచి మొదలుపెట్టండి.

నేను ప్రతిసారీ చేసే పని ఒకటి చెబుతాను. కార్యక్రమానికి ముందు రోజు, సరిగ్గా కార్యక్రమం జరిగే గంటకే హాలుకు వెళ్తాను. చివరి వరుసలో మూలన కుర్చీ వేసుకుని అరగంట కూర్చుంటాను. వేదిక మీద ఒకరిని నిలబెట్టి, మామూలు గొంతుతో మైకులో పేపరు చదవమంటాను. ఫ్యాన్లు, లైట్లు అన్నీ వేయిస్తాను. ఆ అరగంటలో తెలిసే విషయాలు పది మీటింగులు పెట్టుకున్నా తెలియవు. ఒకసారి అలా కూర్చున్నప్పుడే పడమటి కిటికీల్లోంచి ఎండ సూటిగా ముఖం మీద కొడుతోందని తెలిసింది. మర్నాడు టెంట్ హౌస్ నుంచి రెండు పరదాలు ఎక్కువ తెప్పించి కట్టించాం. ఉగాది రోజుల్లో మన ఊళ్ళో పొద్దుగుంకేది ఆరుం పావు దాటాకే. ఐదున్నరకు మొదలుపెడితే ముప్పావు గంట ఎండ ఉంటుందని గుర్తుపెట్టుకోండి.

ఇక సౌండ్. నా లెక్కలో కమ్యూనిటీ హాల్లో సగం గెలుపు దీనిదే. మన హాళ్ళన్నీ సిమెంటు గోడలు, టైల్స్, ఇనప షట్టర్లు. మాట గోడకు కొట్టుకుని తిరిగి వస్తుంది. మామూలుగా సౌండ్ సర్వీస్ వాళ్ళు వేదికకు అటూ ఇటూ రెండు పెద్ద బాక్సులు పెట్టి, వెనక్కి వినపడటం లేదంటే వాల్యూమ్ పెంచుతారు. దాంతో ముందున్నవాళ్ళకు చెవులు పగులుతాయి. వెనుకవాళ్ళకు శబ్దం వినిపిస్తుంది కానీ మాట అర్థం కాదు. అర్థం కాని మాటను ఎవరైనా ఎంతసేపు వింటారు? పక్కవాళ్ళతో మాటల్లో పడతారు, ఆ గోలకు ఇంకో వరుసకు వినపడదు. మీరు బుక్ చేసేటప్పుడే రెండు చిన్న బాక్సులు అదనంగా అడగండి. వాటిని హాలు మధ్యలో గోడల పక్కన, స్టాండ్ల మీద, జనం తలల కంటే ఎత్తులో పెట్టించండి. నాలుగూ తక్కువ వాల్యూమ్‌లో నడవాలి. వెనుక గోడకు షామియానా గుడ్డ కట్టించండి, ప్రతిధ్వని బాగా తగ్గుతుంది. బాక్సులు మైకు కన్నా ముందుకే ఉండాలి. వెనుక ఉంటే మైకు కీచుమంటుంది.

మైకు స్టాండు దగ్గర ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టండి. ఇది చిన్న విషయం అనుకోకండి. ఒక ఉగాదికి ఆరేళ్ళ పాప పద్యం చదవడానికి వచ్చింది. అంతకుముందు మాట్లాడినాయన ఆరడుగుల మనిషి. మైకు పాప నుదుటికి ఎదురుగా ఉండిపోయింది. ఆ పిల్ల కాలివేళ్ళ మీద లేచి, మెడ పైకెత్తి మొత్తం పద్యం తప్పు లేకుండా చదివింది. హాల్లో ఒక్కరికీ వినపడలేదు. వాళ్ళ నాన్న వెనుక నుంచి వీడియో తీస్తున్నాడు, అందులోనూ పాప పెదవులు కదలడమే కనిపించింది. ఆ తర్వాత నుంచి స్టాండు దించడానికీ, ఎత్తడానికీ ఇంటర్ చదివే కుర్రాణ్ణి వేదిక పక్కనే కూర్చోబెడుతున్నాను. కార్యక్రమం మొత్తానికీ అతనికి ఇంకో పని చెప్పను.

కరెంటు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. హాలు ఎలక్ట్రీషియన్‌ను ముందే పిలిపించి ఏ ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్) మీద ఏముందో కాగితం మీద రాయించుకోండి. సౌండ్‌కు విడిగా ఒక లైను ఉండాలి. ఒకసారి మాకు టీ వేడి చేసే ఎలక్ట్రిక్ బాయిలర్‌ను ఎవరో వేదిక వెనుక ప్లగ్గులో పెట్టారు. పాట మధ్యలో మైకూ లైట్లూ ఒక్కసారే పోయాయి. జనరేటర్ తెప్పించినా అది బయట వాకిట్లోనే ఉండాలి, పొగ లోపలికి రాకూడదు. సాయంత్రం నాలుగుకే ఒకసారి స్టార్ట్ చేయించి చూడండి. ఫ్యాన్లు, లైట్లు, సౌండ్ కలిపి ఎన్ని కిలోవాట్లు అవుతాయో ఎలక్ట్రీషియన్‌తో లెక్క కట్టించాకే జనరేటర్ సైజు చెప్పండి. ఫ్యాన్ సుమారు 75 వాట్లు అనుకుంటే 20 ఫ్యాన్లకు ఒకటిన్నర కిలోవాట్లు. ఇదేమంత భారం కాదు. ఏసీలు ఉంటే మాత్రం లెక్క మొత్తం మారిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. దసరాకు గంటలోనే జనం ఎందుకు లేచిపోయారు? మీరు పంపిన ఆ రోజు వరస చూశాను. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన, అతిథుల్ని వేదిక మీదకు పిలవడం, పుష్పగుచ్ఛాలు, అధ్యక్షోపన్యాసం, ముగ్గురు అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు. ఆ తర్వాత పిల్లల డాన్సులు. అంటే జనం దేనికోసం వచ్చారో అది మొదలయ్యేసరికి గంటన్నర అయింది. వాళ్ళు వెళ్ళిపోవడంలో తప్పేం లేదు.

అతిథుల్ని పిలవద్దని నేను అనను. మన ఊళ్ళో పెద్దల్ని గౌరవించడం మంచి సంప్రదాయం, దానివల్ల కాలనీ పనులు కూడా కొన్ని అవుతాయి. కానీ ఒక్కరే ముఖ్య అతిథి, మాట ఐదారు నిమిషాలు. ఆ సంగతి పిలవడానికి వెళ్ళినప్పుడే వినయంగా చెప్పండి. "అయ్యా, పిల్లల కార్యక్రమం ఎక్కువగా ఉంది, ఆరున్నరకు మీ మాటలు ఐదు నిమిషాలు పెట్టుకున్నాం" అంటే ఎవరూ ఏమీ అనుకోరు. పైగా వాళ్ళకూ ఇంకో మూడు చోట్లకు వెళ్ళే పని ఉంటుంది. అతిథి వచ్చినప్పుడు నడుస్తున్న అంశం అయిపోయాక వేదిక మీదకు పిలవండి, అంతేగాని అతిథి కోసం మొదలుపెట్టకుండా ఆగకండి. చాలా ఏళ్ళ కిందట మేం ఆగాం. ఐదున్నరకు రావాల్సినాయన ఏడుకు వచ్చారు. కూచిపూడి వేషం కట్టిన పిల్లలు జడలు, గజ్జెలతో నాలుగు గంటల నుంచి పక్క గదిలో ఉన్నారు. వాళ్ళలో చిన్నపిల్ల ఒకతె అమ్మ ఒళ్ళోనే నిద్రపోయింది. పెట్టిన కాటుక, తిలకం అమ్మ చీరకు అంటుకుపోయాయి. లేపితే ఏడ్చింది, ఆడలేదు. ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కానీ ఆ పాపకు నేను బాకీ పడ్డాననే అనుకుంటాను. అప్పటినుంచి కార్డు మీద వేసిన టైమ్‌కే మొదలుపెడుతున్నాను. హాల్లో పదిహేను మంది ఉన్నా సరే. రెండోసారికి కాలనీ మొత్తం టైమ్‌కు రావడం నేర్చుకుంటుంది.

మీకు నేను చెప్పే వరస ఇది. ఐదున్నరకు ప్రార్థన, వెంటనే చిన్నపిల్లల అంశాలు నాలుగు. ఆరున్నరకు అతిథి ఐదు నిమిషాలు. ఆ తర్వాత పంచాంగ శ్రవణం, పెద్దపిల్లల అంశాలు, ఏడున్నరకు కాలనీవాళ్ళ పాటలో, పద్యాలో, ఏవుంటే అవి. ఎనిమిదింపావుకు ముగించి తిండి. అంటే మొత్తం మీద రెండు గంటల ముప్పావు. అంతకు మించి లాగితే ఎంత మంచి కార్యక్రమమైనా నీరసపడుతుంది. మార్చి చివర్లో పడితే ఐపీఎల్ మ్యాచ్‌లు రాత్రి ఏడున్నరకు మొదలవుతాయి కాబట్టి కుర్రాళ్ళ అంశాలు దానికి ముందే పెట్టండి. టెన్త్ పరీక్షలు కూడా మార్చి రెండో సగంలోనే ఉంటాయి. ఆ పిల్లల్ని ఏ పనికీ పిలవకండి, వాళ్ళ ఇళ్ళ వైపు బాక్సులు తిప్పకండి.

పంచాంగ శ్రవణం గురించి ఒక కిటుకు ఉంది. పంతులుగారు మేషం నుంచి మీనం దాకా పన్నెండు రాశులూ వివరంగా చెబితే గంట పడుతుంది. ఎవరి రాశి అయిపోగానే వాళ్ళు లేస్తారు, మీనరాశి వచ్చేసరికి మీనరాశివాళ్ళే మిగులుతారు. మేమేం చేస్తామంటే, వర్షాలు, పంటలు, నవనాయకుల గురించి పంతులుగారిని పాతిక నిమిషాలు చెప్పమంటాం. అందరికీ ఆసక్తి ఉండే ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు మాత్రం పన్నెండు రాశులకూ గబగబా చదివిస్తాం. వివరమైన రాశిఫలాలు కాగితాల మీద పెద్ద అక్షరాలతో ప్రింట్ తీయించి, భోజనాల దగ్గర గోడకు అంటిస్తాం. అక్కడ కళ్ళజోడు సర్దుకుంటూ ఒకరి రాశి ఒకరు చదువుకుంటూ, రెండేళ్ళుగా పలకరించుకోని ఇరుగుపొరుగు మాట్లాడుకోవడం నేను చూశాను.

అంశాలు ఎవరు చేయాలి అన్నదానికి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. డబ్బిచ్చి బయటి ఆర్కెస్ట్రాను తెచ్చుకోవద్దు. మీ హాలు తుమ్మలపల్లి క్షేత్రయ్య కళాక్షేత్రం కాదు, అక్కడ జరిగే స్థాయి కార్యక్రమం ఇక్కడ చేయబోతే చప్పగా ఉంటుంది. కాలనీ హాలుకు జనం వచ్చేది తమవాళ్ళను చూడటానికి. ఒక పాప వేదిక ఎక్కితే అమ్మా నాన్నా, తాతయ్యా అమ్మమ్మా వస్తారు. నలభై మంది పిల్లలుంటే హాలు నిండినట్టే. కాకపోతే తమ పాప అంశం అయిపోగానే ఆ ఇల్లంతా లేచిపోయే ప్రమాదం ఉంది. దానికి మందు ఒకటే, ప్రతి పిల్లకూ రెండు పాత్రలు. మొదట్లో పద్యం చదివిన పాప చివర్లో బృందగానంలో కూడా ఉండాలి. సర్టిఫికెట్లు, బహుమతులు ఆఖరున. ఒకటో రెండో నాణ్యమైన అంశాలు కావాలంటే ఊళ్ళో ఘంటసాల పేరుతో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. అక్కడ చదివే విద్యార్థుల్ని గురువుల ద్వారా అడిగి చూడండి. వాళ్ళకు దారిఖర్చులు, తగిన పారితోషికం తప్పకుండా ఇవ్వండి. కళాకారుల్ని ఉచితంగా పిలిచి శాలువాతో సరిపెట్టడం నాకు నచ్చదు.

పిల్లల మాట అయ్యాక పెద్దల పని. మీరు ఐదుగురు కమిటీ అని రాశారు. ఐదుగురే అన్నీ మోస్తే ఆ రోజు మీరెవరూ కార్యక్రమం చూడలేరు, మిగతా కాలనీ అతిథుల్లా వచ్చి వెళ్తుంది. కనీసం పాతిక ఇళ్ళకు ఒక్కో పని అప్పగించండి. చెప్పుల దగ్గర ఒకరు, బండ్ల పార్కింగ్ ఇద్దరు, పెద్దవాళ్ళను చెయ్యి పట్టుకుని మెట్లెక్కించడానికి ఒకరు, నీళ్ళు నలుగురు. పని ఉన్న మనిషి మధ్యలో వెళ్ళిపోడు, ఇంట్లోవాళ్ళనూ వెళ్ళనివ్వడు. మీ ప్రాంతంలో ఈ పని మనుషుల్ని వెతుక్కోవాల్సిన అవసరం కూడా లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మీ సింగ్‌నగర్ వీధుల్లో పడవల మీద పాలు, భోజనం పొట్లాలు పంచినప్పుడు మీ కాలనీలో మెట్ల మీద నిలబడి అందించింది ఎవరో మీకు తెలుసు. ముందు వాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి. వాళ్ళకు పని చెప్పడం అంటే గౌరవం ఇవ్వడమే. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, ఇంటికి వెళ్ళి కుంకుమ పెట్టి పిలవండి. ఆడవాళ్ళు ఇద్దరు కలిసి సాయంత్రాలు పది ఇళ్ళ చొప్పున తిరిగితే వారంలో కాలనీ అయిపోతుంది.

తిండి విషయంలో పొదుపుగా, శుభ్రంగా ఉంటే చాలు. పూర్తి భోజనం పెట్టాలనుకుంటే లక్షలో సింహభాగం దానికే పోతుంది. పులిహోర, చక్కెర పొంగలి, దద్దోజనం, మజ్జిగ చాలు. లెక్కలు చెబుతాను. ఉగాది పచ్చడి మనిషికి 50 మిల్లీలీటర్ల చొప్పున 300 మందికి 15 లీటర్లు. వేపపువ్వు వడ్డించేముందే కలపండి, మధ్యాహ్నమే కలిపేస్తే సాయంత్రానికి చేదు మొత్తం దిగి పిల్లలు ముట్టరు. మజ్జిగ గ్లాసు 200 మిల్లీలీటర్లు అనుకుని మనిషికి ఒకటిన్నర గ్లాసు చొప్పున 90 లీటర్లు. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల దాకా మజ్జిగ వస్తుంది కాబట్టి 22, 23 లీటర్ల పెరుగు చెప్పండి. మంచినీళ్ళు మనిషికి అర లీటరు అనుకున్నా 150 లీటర్లు, అంటే 20 లీటర్ల టిన్నులు ఎనిమిది. మార్చి ఎండలకు నేనైతే పన్నెండు తెప్పిస్తాను. నీళ్ళు హాలు బయట బల్ల మీద మాత్రమే పెట్టొద్దు. దాహానికి బయటికి వెళ్ళిన మనిషి తిరిగి రావడం కష్టం, అక్కడే ఎవరో పలకరిస్తారు, అట్నుంచి అటే ఇల్లు. గంటకోసారి ట్రేలలో వరసల మధ్యకు, అదీ వెనుక నుంచి ముందుకు తెచ్చి ఇవ్వండి.

గ్లాసులు స్టీలువి అద్దెకు తీసుకోండి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, అలంకరణకు వాడే థర్మోకోల్ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అలంకరణకు మామిడి తోరణాలు, బంతిపూలు కన్నా అందమైనవి లేవు. వన్‌టౌన్ పూల మార్కెట్‌కు తెల్లవారుజామునే వెళ్తే ధర కలిసొస్తుంది. కాకపోతే పండగ రోజు ధర ఎక్కువ ఉంటుంది, బంతిపూలు ముందురోజే తెచ్చి తడిగుడ్డ కప్పి ఉంచండి.

అనుమతుల గురించి క్లుప్తంగా. హాలు కార్పొరేషన్‌దైతే దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి, నోటి మాట నమ్ముకోవద్దు. పండగ రోజుకు ఇంకెవరైనా పెళ్ళికి అడిగే అవకాశం ఉంది. మైకుకు మీ పోలీస్ స్టేషన్‌లో అర్జీ ఇవ్వండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదన్నది 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. తలుపులు మూసిన హాలు లోపలికి మినహాయింపు ఉన్నా, బయట బాక్సులు పెడితే అది వర్తించదు. నివాస ప్రాంతంలో పగటి పరిమితి 55 డెసిబెల్స్. ఎన్నికల కోడ్ ఉన్న రోజులైతే నాయకుల్ని వేదిక మీదకు పిలవకపోవడమే మంచిది. చెత్త బండి మర్నాడు పొద్దున్నే వచ్చేలా వార్డు శానిటేషన్ సెక్రటరీకి ముందే చెప్పి ఉంచండి.

ఒక్క విషయం మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. హాలుకు వెనుక తలుపు ఉంటుంది, దానికి తాళం ఉంటుంది, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, ఆయన ఎనిమిదింటికి భోజనానికి వెళ్తాడు. చాలా హాళ్ళలో నేను చూసింది ఇదే. 300 మంది, అందులో నలభై మంది పిల్లలు లోపల ఉన్నప్పుడు ఒకే దారి ఉండకూడదు. కార్యక్రమం మొదలవక ముందే తాళం తీయించి, ఆ తలుపు ముందు కుర్చీలు, వంటసామాను పెట్టకుండా ఒక మనిషిని అక్కడే ఉంచండి. కుర్చీల మధ్య నడవా నాలుగడుగులైనా వదలండి. వంట హాలు లోపల వద్దు. 108 (అంబులెన్స్), 101 (ఫైరింజన్) నంబర్లు గుర్తున్న ఒకరు, ప్రథమ చికిత్స పెట్టెతో వేదిక పక్కన ఉండాలి.

డబ్బు లెక్క విషయంలో ఒక సలహా. ఒకరి సొంత ఫోన్‌పే నంబరుకు చందాలు వేయించకండి. సంఘం పేరు మీద ఖాతా ఉంటే అందులోకే, ఇద్దరి సంతకంతో. అయిపోయిన మూడో రోజుకల్లా బిల్లులతో సహా గ్రూపులో పెట్టండి. మిగిలింది 700 రూపాయలే అయినా సరే, 700 అని రాయండి. దుకాణాలవాళ్ళను చందా కోసం రెండోసారి అడగకండి.

ఆరు వారాల్లో ఏది ఎప్పుడు అంటే, ఈ వారం హాలు, సౌండ్, పంతులుగారు ఖాయం చేసుకోండి. ఈ మూడూ ఉగాదికి దొరకడం కష్టం. పిల్లల అంశాలు రెండో వారానికల్లా మొదలవ్వాలి. పిలుపులు చివరి పది రోజుల్లో. మిగతావి మధ్యలో సర్దుకుంటాయి, టెన్షన్ పడకండి.

ఈ ఆదివారం సాయంత్రం ఐదున్నరకు ఒకసారి హాలుకు వెళ్ళి చివరి వరుసలో కూర్చోండి. హాలు పొడవు వెడల్పులు, ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయి, కిటికీలు ఏ వైపు ఉన్నాయి, వెనుక తలుపు తాళం ఎవరి దగ్గర ఉంది, ఈ నాలుగూ రాసి పెట్టండి. బాక్సులు, కుర్చీలు, వేదిక ఎక్కడ పెట్టాలో గీసి చెబుతాను.